కరెంటు వచ్చిన వెంటనే సంఘం కంప్యూటరు తన పని తానే మొదలుపెట్టాలంటే

(ఒక సహకార ఇనస్పెక్టరు)



మన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలలో తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అన్నీ చేతితో వ్రాసుకునే రోజులు చాలాచోట్ల పోయాయి. ఇప్పుడు తూకపు కాటా, పాలను పరీక్షించే ఎనలైజరు, చీటీ అచ్చువేసే ప్రింటరు, ఈ మూడూ తీగలతో ఒక కంప్యూటరుకు కలిపి ఉంటున్నాయి. ఆ కంప్యూటరు అచ్చువేసిన చీటీలోని అంకెలే మీ బిల్లుకు ఆధారం. కనుక అది తెల్లవారుజామున సరిగా మొదలు కావడం కార్యదర్శి గారి సొంత వ్యవహారం కాదు. పాలు పోసే ప్రతి సభ్యుని డబ్బు వ్యవహారం.

కొన్ని సంఘాలలోని కంప్యూటర్లు లినక్సు అనే వ్యవస్థ మీద నడుస్తున్నాయి. కంప్యూటరులోని పరికరాలన్నిటిని అదుపులో ఉంచి, మన కార్యక్రమాలను నడిపించే మూల వ్యవస్థ ఇది. ఫిన్లాండు దేశంలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని మొదలుపెట్టారు. తరువాత ప్రపంచమంతటి నుండి ఎందరో చేయి వేసి పెంచారు. ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా తెరచి చూసి మార్చుకోవచ్చు. ఒక విధంగా ఇది కూడా సహకార పద్ధతిలో పెరిగినదే. ఈ లినక్సు కంప్యూటరు, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, మన పాల సేకరణ కార్యక్రమాన్ని ఎవరూ చెప్పకుండానే తానే మొదలుపెట్టేటట్లు చేయడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

జరిగిన ఒక సంగతి

2023 వర్షాకాలంలో నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఈ అవసరం నాకు బాగా తెలిసివచ్చింది. సంఘం పేరు ఇక్కడ అనవసరం. ముందురోజు రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ పాతది కావడం వలన అర్ధరాత్రికే కంప్యూటరు ఆగిపోయింది. తెల్లవారుజామున కరెంటు వచ్చింది, కంప్యూటరు వెలిగింది. గాని పాల సేకరణ కార్యక్రమం తెర మీదికి రాలేదు. ప్రతి ఉదయం దానిని మొదలుపెట్టే ఆజ్ఞ కార్యదర్శి గారికి నోటికి వచ్చు. ఆయన ఆ రోజు బంధువుల పెళ్ళికి వెళ్ళారు. సహాయకునిగా ఉన్న కుర్రవానికి ఆ ఆజ్ఞ తెలియదు.

సభ్యులు క్యాన్లతో వరుసలో నిలబడ్డారు. పాలు ఆగవు కదా! కుర్రవాడు ఒక నోటు పుస్తకంలో తూకాలు వ్రాసుకున్నాడు. ఎనలైజరు చూపిన అంకెలు కొన్ని వ్రాశాడు, కొన్ని తొందరలో వదిలేశాడు. రెండు రోజుల తరువాత ఆ పుస్తకం చూసి కంప్యూటరులోకి ఎక్కించారు. ఒక పెద్దావిడ పోసిన నాలుగు లీటర్లు పక్క నంబరు సభ్యుని ఖాతాలో పడ్డాయి. వెన్న శాతం వ్రాయని వారికి అంతకు ముందటి పూట శాతమే వేశారు.

నేను వెళ్ళేసరికి గొడవ జరుగుతున్నది. ఆ పెద్దావిడ నన్ను చూసి, ‘‘బాబూ, మీ మిషను నిద్ర లేవకపోతే నా గేదె పాలు తగ్గిపోతాయా?’’ అని అడిగింది. నావద్ద సమాధానం లేదు. ఆమె లెక్క అదే రోజు సరిచేయించాము. గాని అసలు తప్పు కుర్రవానిదీ కాదు, పెళ్ళికి వెళ్ళిన కార్యదర్శి గారిదీ కాదు. యంత్రంలో వ్రాసి ఉండవలసిన ఒక పని, ఒక మనిషి జ్ఞాపకంలో మాత్రమే ఉండటం తప్పు.

కంప్యూటరు ఎలా నిద్ర లేస్తుంది?

మన పాల కేంద్రం తెల్లవారుజామున ఎలా తెరుస్తామో గుర్తు చేసుకోండి. ముందు ఒకరు తాళం తీసి దీపం వేస్తారు. కాటా, క్యాన్లు ఉన్నవో లేవో చూస్తారు. తరువాత కార్యదర్శి వచ్చి ఎవరి పని వారికి చెబుతారు. కాటా సున్నాకు వచ్చిన తరువాతే మొదటి సభ్యుని పిలుస్తారు. కంప్యూటరులో కూడా వరుస ఇటువంటిదే.

మొదటిది ఫర్మ్‌వేర్. పాత కంప్యూటర్లలో దీనిని బయాస్ అని, కొత్తవాటిలో యుఇఎఫ్ఐ అని అంటారు. ఇది తాళం తీసే మనిషి వంటిది. మెమరీ, డిస్కు, కీబోర్డు ఉన్నవో లేవో చూస్తుంది.

రెండవది బూట్‌లోడరు. లినక్సులో ఎక్కువగా వాడేది గ్రబ్. డిస్కు మీద లినక్సు ఎక్కడ ఉన్నదో చూసి దానిని మెమరీలోకి తెస్తుంది.

మూడవది కెర్నెల్, అనగా లినక్సు యొక్క గుండెకాయ. కాటా తీగ, ప్రింటరు తీగ, డిస్కు, అన్నిటితో మాట్లాడేది ఇదే.

నాల్గవది, కెర్నెల్ మొట్టమొదట నడిపించే కార్యక్రమం. దీనికి ఎప్పుడూ 1 అనే నంబరే ఉంటుంది. ఈనాడు ఎక్కువ లినక్సు రకాలలో ఈ స్థానంలో ఉన్నది సిస్టమ్‌డి. 2010లో వెలువడింది. 2011లో ఫెడోరా, 2015లో డెబియన్, ఉబుంటు దీనినే తమ ప్రధాన పద్ధతిగా తీసుకున్నాయి. సిస్టమ్‌డి మన కార్యదర్శి వంటిది. దాని వద్ద పనుల పట్టీ ఉంటుంది. ఏ పని ముందు, ఏ పని తరువాత, ఆగిపోతే ఏమి చేయాలి అని ఆ పట్టీలో వ్రాసి ఉంటుంది. పట్టీలో ఉన్నది చేస్తుంది. లేనిది చేయదు. పై సంఘంలో జరిగింది అదే. పాల సేకరణ కార్యక్రమం డిస్కులో ఉన్నది గాని పట్టీలో లేదు.

పట్టీలో పేరు ఎక్కించడం

ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ఫైలు ఉంటుంది. దీనిని యూనిట్ ఫైలు అంటారు. మనం సొంతంగా వ్రాసుకునే ఫైళ్ళు, ఇటిసి అనే ఫోల్డరులో సిస్టమ్‌డి, దాని లోపల సిస్టమ్ అనే ఫోల్డరులో ఉంచాలి. ఫైలు పేరు చివర ‘డాట్ సర్వీస్’ అని ఉండాలి. మన ఉదాహరణకు దానిని ‘పాలు.సర్వీస్’ అందాము.

ఒక ముఖ్య గమనిక: ఈ మాటలన్నీ యంత్రంలో ఇంగ్లీషు అక్షరాలలోనే, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా పాటిస్తూ టైపు చేయాలి. సభ్యులకు అర్థం కావడానికి పలికే తీరున తెలుగులో ఇస్తున్నాను. కార్యదర్శి గాని, కంప్యూటరు తెలిసిన యువ సభ్యుడు గాని ఇంగ్లీషులో వ్రాసుకోగలరు.

[యూనిట్]
డిస్క్రిప్షన్ = పాల సేకరణ కార్యక్రమం
వాంట్స్ = మరియాడిబి.సర్వీస్
ఆఫ్టర్ = మరియాడిబి.సర్వీస్

[సర్వీస్]
ఎగ్జెక్‌స్టార్ట్ = కార్యక్రమం ఉన్న పూర్తి చిరునామా
యూజర్ = సంఘం
రీస్టార్ట్ = ఆల్వేస్
రీస్టార్ట్‌సెక్ = 10

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై = మల్టీ-యూజర్.టార్గెట్

ఒక్కొక్క పంక్తి అర్థం చూద్దాము.

డిస్క్రిప్షన్ అంటే పని వివరం. చదివే మనుషుల కోసం మాత్రమే.

ఆఫ్టర్ అంటే ‘దాని తరువాత’. మన లెక్కలు దాచే ఖజానా, అనగా డేటాబేసు, మరియాడిబి అయితే, అది లేచిన తరువాతే మన కార్యక్రమం లేవాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆఫ్టర్ అనేది వరుసను మాత్రమే చెబుతుంది, ఆ పనిని పిలవదు. పిలిచేది వాంట్స్. అందుకే రెండూ వ్రాశాము. వేరే డేటాబేసు ఉన్నవారు దాని పేరు వ్రాసుకోవాలి. అసలు లేనివారు ఈ రెండు పంక్తులు తీసివేయవచ్చు.

ఎగ్జెక్‌స్టార్ట్ అన్నిటికన్నా ముఖ్యమైనది. నడపవలసిన ఆజ్ఞ ఇదే. ఇ, ఎస్ అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ‘రామయ్య ఇల్లు’ అంటే మన ఊరివారికి తెలుస్తుంది. పోస్టు చేరాలంటే మాత్రం ఊరు, మండలం, జిల్లా అన్నీ వ్రాయాలి. అలాగే ఇక్కడ ఏటవాలు గీతతో మొదలయ్యే పూర్తి చిరునామా ఇవ్వాలి. చేతితో టైపు చేసినప్పుడు నడిచిన పొట్టి ఆజ్ఞ, యంత్రం తనంతట తాను లేచే సమయంలో దొరకకపోవచ్చు. మనం టైపు చేసేటప్పుడు మన ఖాతాలోని సౌకర్యాలన్నీ దానికి ఉంటాయి. అప్పుడు అవి ఉండవు.

యూజర్ అంటే ఎవరి పేరుమీద నడవాలి అని. ఈ పంక్తి వ్రాయకపోతే కార్యక్రమం రూట్ పేరుమీద నడుస్తుంది. రూట్ అంటే ఆ కంప్యూటరులో సర్వాధికారి. సంఘం బీరువా తాళాలన్నీ ఒక దినకూలీ చేతికి ఇవ్వము కదా! అందుకని తక్కువ అధికారాలు గల ఒక ఖాతా పేరు వ్రాయాలి. ఆ ఖాతాకు కాటా తీగను చదివే అనుమతి కావాలి. డెబియన్, ఉబుంటు రకాలలో దీనికోసం ఖాతాను ‘డయల్‌అవుట్’ అనే గుంపులో చేర్చాలి.

రీస్టార్ట్, రీస్టార్ట్‌సెక్ పంక్తుల గూర్చి కొంచెం వివరంగా చెప్పాలి. కార్యక్రమం మొదలైనప్పుడు కాటా స్విచ్చి వేసి లేదనుకోండి. కార్యక్రమం కాటాను వెదికి, దొరకక, ఆగిపోవచ్చు. రీస్టార్ట్ అని ఉంటే సిస్టమ్‌డి మళ్ళీ మొదలుపెడుతుంది. గాని వ్యవధి వ్రాయకపోతే అది సెకనులో పదో వంతు మాత్రమే ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. మామూలుగా పది సెకన్లలో అయిదుసార్లు విఫలమైతే ఇక లాభం లేదని వదిలివేస్తుంది. అంటే మనవాడు కాటా వద్దకు వెళ్ళి స్విచ్చి వేసేలోపే అది చేతులెత్తేస్తుంది. పది సెకన్ల వ్యవధి వ్రాస్తే ఆ లెక్కకు ఎప్పుడూ చేరదు. కాటా ఎప్పుడు వేస్తే అప్పుడు దొరకబుచ్చుకుంటుంది.

వాంటెడ్‌బై అంటే కంప్యూటరు మామూలు పనికి సిద్ధమయ్యే దశలో ఈ పనిని కూడా చేర్చుకోమని చెప్పడం.

ఇవ్వవలసిన ఆజ్ఞలు

ఫైలు వ్రాసి భద్రపరచిన తరువాత వరుసగా మూడు ఆజ్ఞలు ఇవ్వాలి. ఇవి అధికారంతో కూడిన ఆజ్ఞలు కనుక ప్రతిదానికి ముందు ‘సుడో’ అని చేర్చాలి.

1. సిస్టమ్‌సిటిఎల్ డెమన్-రీలోడ్: పట్టీ మారింది, మళ్ళీ చదువుకో అని చెప్పడం. ఫైలులో ఒక్క అక్షరం దిద్దినా ఈ ఆజ్ఞ మరల ఇవ్వాలి.

2. సిస్టమ్‌సిటిఎల్ ఎనేబుల్ పాలు: కంప్యూటరు లేచిన ప్రతిసారీ ఈ పని చేయమని శాశ్వతంగా నమోదు చేయడం.

3. సిస్టమ్‌సిటిఎల్ స్టార్ట్ పాలు: ఇప్పుడే ఒకసారి నడపడం.

రెండవ, మూడవ ఆజ్ఞల తేడా బాగా గుర్తుంచుకోవాలి. ‘స్టార్ట్’ ఒక్కటే ఇస్తే కార్యక్రమం వెంటనే నడుస్తుంది, అందరూ సంతోషంగా ఇంటికి వెళతారు, మరుసటిసారి కరెంటు పోయి వచ్చినప్పుడు కథ మొదటికి వస్తుంది. సమావేశంలో నోటితో అనుకోవడం వేరు, తీర్మానం మినిట్సు పుస్తకంలో ఎక్కించడం వేరు. ‘ఎనేబుల్’ మినిట్సు పుస్తకంలో ఎక్కించడం వంటిది.

నడుస్తున్నదో లేదో చూడటానికి ‘సిస్టమ్‌సిటిఎల్ స్టేటస్ పాలు’ అనాలి. యాక్టివ్ అని, పక్కన రన్నింగ్ అని వస్తే నడుస్తున్నట్లు. ఫెయిల్డ్ అని వస్తే ‘జర్నల్‌సిటిఎల్ -యు పాలు -బి’ అనే ఆజ్ఞ ఇవ్వాలి. కంప్యూటరు ఈసారి లేచినది మొదలు ఆ కార్యక్రమానికి ఏమి జరిగిందో గంటలు, నిమిషాలతో సహా కనబడుతుంది. సాంకేతిక నిపుణునికి ఫోను చేసేటప్పుడు ‘‘పని చేయడం లేదు’’ అనడం కన్నా ఆ చివరి పంక్తులు చదివి వినిపిస్తే సగం పని అయినట్లే.

దీనితోపాటు సరిచూడవలసిన మూడు విషయాలు

ఒకటి: కరెంటు వచ్చినా కొన్ని కంప్యూటర్లు బటను నొక్కనిదే లేవవు. కరెంటు రాగానే లేవాలా వద్దా అనే ఏర్పాటు లినక్సులో కాదు, ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. అది ఉన్న యంత్రాలలో దానిని ‘ఆన్’ అని మార్చించుకోవాలి.

రెండు: గడియారం. మామూలు కంప్యూటరు లోపల 2032 రకపు నాణెం బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీ, సమయం నిలిపేది అదే. అది అయిపోతే కంప్యూటరు ఏదో పాత తేదీతో లేస్తుంది, ఉదయపు పాలు ఆ పాత తేదీలో పడతాయి. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డులలో 4వ నమూనా వరకు ఇటువంటి గడియారమే లేదు. 5వ నమూనాలో ఉన్నది గాని బ్యాటరీ విడిగా అమర్చుకోవాలి. ఇంటర్నెట్ ఉంటే సమయం సరిచేసుకుంటాయి. గాలివాన రాత్రి ఇంటర్నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు. కనుక తక్కువ ఖర్చుతో పోయే ఈ బ్యాటరీ విషయంలో అశ్రద్ధ వద్దు. మొదటి చీటీలో తేదీ, పూట సరిగా ఉన్నవో లేవో సభ్యులు కూడా చూడాలి.

మూడు: తీగల పేర్లు. కాటా, ఎనలైజరు రెండూ యుఎస్‌బి తీగలతో కలిపి ఉంటే, లినక్సు వాటికి టిటివై-యుఎస్‌బి 0, టిటివై-యుఎస్‌బి 1 అని దొరికిన వరుసలో పేర్లు పెడుతుంది. ఈ రోజు కాటా 0 అయితే, రేపు కరెంటు వచ్చిన తరువాత ఎనలైజరు 0 కావచ్చు. అప్పుడు కార్యక్రమం కాటా అనుకొని ఎనలైజరును చదవబోయి ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా డెవ్ ఫోల్డరులోని సీరియల్ అనే దానిలో ‘బై-పాత్’ అనే చోట మారని పేర్లు ఉంటాయి. ఏ రంధ్రంలో తీగ పెట్టామో దానిని బట్టి వచ్చే పేర్లు ఇవి. కార్యక్రమం అమరికలో ఈ పేర్లు ఇప్పించుకొని, ఏ తీగ ఏ రంధ్రంలోదో రంగు కాగితం అంటించి, తీగలు మార్చకుండా ఉండాలి.

కొన్ని సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: పాత రోజులలో ‘ఆర్‌సి.లోకల్’ అనే ఫైలులో ఆజ్ఞ వ్రాస్తే చాలేది కదా?
జవాబు: నిజమే. సిస్టమ్‌డి రాక ముందు అది వాడుకలో ఉన్న పద్ధతి. ఇప్పటి చాలా రకాలలో ఆ ఫైలు ముందుగా ఉండదు. పైగా కార్యక్రమం ఆగిపోతే మళ్ళీ లేపే ఏర్పాటు దానిలో లేదు. కొత్తగా పెట్టుకునేవారు యూనిట్ ఫైలే వాడటం మంచిది.

ప్రశ్న: ‘క్రాన్’ పట్టికలో ‘ఎట్ రీబూట్’ అని వ్రాస్తే పోదా?
జవాబు: చిన్న పనులకు పోతుంది. కంప్యూటరు లేవగానే నిన్నటి లెక్కల నకలు పెన్‌డ్రైవులో వేయడం వంటి ఒక్కసారి చేసే పనికి వాడుకోవచ్చు. గాని డేటాబేసు లేచిందో లేదో అది చూడదు, విఫలమైతే మళ్ళీ ప్రయత్నించదు. పాల సేకరణకు అది చాలదు.

ప్రశ్న: మా కార్యక్రమం తెరమీద కిటికీగా కనబడుతుంది. అలాగే చేయవచ్చునా?
జవాబు: అక్కడ పద్ధతి వేరు. కిటికీ కనబడాలంటే ముందు ఎవరో ఒకరి ఖాతా తెరచుకోవాలి. అటువంటి కార్యక్రమాన్ని ఆ ఖాతాలోని ‘ఆటోస్టార్ట్’ అనే ఫోల్డరులో ‘డాట్ డెస్క్‌టాప్’ ఫైలుగా ఉంచాలి. ఖాతా సంకేతపదం అడగకుండా తెరచుకునేటట్లు చేస్తే సౌకర్యమే గాని, గది తాళం గట్టిగా ఉండాలి.

ప్రశ్న: అన్నీ సరిగానే వ్రాశాము, అయినా ఫెయిల్డ్ అని వస్తున్నది. ఎందువలన?
జవాబు: నడపవలసింది ఆజ్ఞలు వ్రాసిన స్క్రిప్టు ఫైలు అయితే మూడు చూడాలి. దానికి నడిచే అనుమతి ఇచ్చారా? మొదటి పంక్తిలో దానిని చదవవలసిన షెల్లు పేరు ఉన్నదా? విండోసు కంప్యూటరులో టైపు చేసి తెచ్చారా? విండోసులో వ్రాసిన ఫైలుకు ప్రతి పంక్తి చివర కంటికి కనబడని ఒక అక్షరం చేరుతుంది, దానితో లినక్సు తికమక పడుతుంది. లినక్సులోనే నానో వంటి దానిలో వ్రాస్తే ఈ బాధ ఉండదు.

పరీక్షించనిదే పూర్తయినట్లు కాదు

పై ఏర్పాట్లన్నీ పాలు పోసే వేళలో చేయవద్దు. ఉదయపు సేకరణ ముగిసి, లెక్కల నకలు తీసుకున్న తరువాత చేయాలి. ముందు ‘రీబూట్’ ఆజ్ఞ ఇచ్చి చూడాలి. తరువాత కంప్యూటరును పద్ధతి ప్రకారం ఆపి, గోడ స్విచ్చి తీసి, అయిదు నిమిషాల తరువాత మళ్ళీ వేసి చూడాలి. నడుస్తున్న కంప్యూటరు ప్లగ్గును ఊడబెరికి పరీక్షించవద్దు. డిస్కులోని లెక్కలు చెడిపోవచ్చు. కీబోర్డును ఎవరూ ముట్టకుండా కార్యక్రమం లేచి, కాటా మీద ఒక క్యాను పెట్టినప్పుడు సరైన తూకం చూపి, చీటీపై సరైన తేదీ వస్తే పని పూర్తయినట్లు.

నేను పైన చెప్పిన సంఘంలో ఇదే చేయించాము. పాలకవర్గ సభ్యులు, ఆ కుర్రవాడు, గొడవకు వచ్చిన పెద్దావిడ, అందరూ చూస్తుండగా కార్యదర్శి గారు స్విచ్చి తీసి వేశారు. మొదటిసారి కార్యక్రమం లేవలేదు. ‘ఎనేబుల్’ ఆజ్ఞ ఇవ్వడం మరచిపోయాము! రెండవసారి లేచింది. ఆ మరపు అందరి ఎదుట బయటపడటం మంచిదే అయింది. లేకపోతే మరో గాలివాన రోజున బయటపడేది.

చివరగా కార్యదర్శులకు నా మనవి. యూనిట్ ఫైలు నకలు, మూడు ఆజ్ఞలు, తీగల వరుస ఒక కాగితం మీద వ్రాసి కంప్యూటరు పక్క గోడకు అంటించండి. సంకేతపదాలు మాత్రం గోడకు వద్దు, సీలు చేసిన కవరులో అధ్యక్షుల వద్ద ఉంచండి. ముందుగా అచ్చువేసిన సభ్యుల నంబర్లు గల ఒక చేతి రిజిస్టరు ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. ఎంత మంచి ఏర్పాటైనా ఒకనాడు ఆగవచ్చు.

సభ్యులకు మనవి ఒక్కటే. వచ్చే సమావేశంలో, ‘‘కార్యదర్శి గారు ఊళ్ళో లేని రోజు కరెంటు పోయి వస్తే మన కంప్యూటరు తానే లేస్తుందా? మా ముందు ఒకసారి చూపించండి’’ అని అడగండి. అది తప్పు పట్టడం కాదు. మీ పాల లెక్క మీరు చూసుకోవడం.